బేస్‌మెంట్‌లో మల్లె కొమ్మలకి హీట్ మ్యాట్: నా రివ్యూ

హీట్ మ్యాట్ అంటే ట్రే కింద పరిచి మట్టిని వెచ్చబెట్టే కరెంటు చాప. న్యూజెర్సీలో మల్లె కొమ్మల్ని నాటి పెంచేవాళ్లు దీన్ని కొనొచ్చు. వేడిని పెట్టినచోటే నిలిపే థర్మోస్టాట్‌తో కలిపి అమ్మే సెట్ మాత్రమే తీసుకోండి.

రాత్రిళ్లు 50 ఫారెన్‌హీట్‌కి దిగేలోపే మల్లె కుండీ ఇంట్లోకి రావాలి. తెచ్చేముందు ఎలాగూ కొమ్మలు కత్తిరిస్తాం, వాటిని పారెయ్యడానికి నాకు మనసొప్పదు. మరీ లేతవి, బాగా ముదిరినవి వదిలేసి మధ్యరకం కొమ్మల్ని అయిదంగుళాల ముక్కలు చేస్తాను. కణుపు కిందికి కోసి, కింది ఆకులు తీసి, వేళ్లు త్వరగా రావడానికి వాడే రూటింగ్ పౌడర్ అద్ది, పెర్లైట్ (తేలికపాటి తెల్లటి గుళ్ల రాయి), కోకోపీట్ (కొబ్బరి పొట్టు) సమంగా కలిపిన ట్రేలో గుచ్చుతాను. తెనాలిలో మా అమ్మ వానాకాలంలో కొమ్మ విరిచి పెరట్లో గుచ్చితే చాలు, బతికేది. ఇక్కడ బేస్‌మెంట్ చలికి వేరు పట్టకముందే మొదలు నల్లబడి కుళ్లుతుంది. కింద మట్టి వెచ్చగా, పైన గాలి చల్లగా ఉంటే చిగురుకంటే ముందు వేరు వస్తుంది.

మ్యాట్ ఒక ట్రేకి సరిపోతుంది. 20 వాట్లే కాబట్టి రోజంతా వెలిగినా అర యూనిట్ దాటదు. థర్మోస్టాట్ లేకపోతే గది వేడిని బట్టి మట్టి వేడి మారిపోతూ ఉంటుంది. సెన్సర్‌ని కొమ్మల మొదళ్లు ఉన్న లోతులో గుచ్చి 75 ఫారెన్‌హీట్‌కి పెడితే అక్కడే నిలబడుతుంది. సెన్సర్ గాలిలో వేలాడితే గది వేడిని చూసి మ్యాట్ ఆగకుండా పనిచేస్తుంది, మట్టి అనుకున్నదానికంటే వేడెక్కిపోవచ్చు. ఇంత ముఖ్యమైన సంగతిని కంపెనీవాళ్లు కాగితం అడుగున చిన్న అక్షరాల్లో వేశారు. సెన్సర్ వైరు కూడా పొట్టి. మ్యాట్ అంచుల్లో వేడి తక్కువ, అందుకే ట్రేని అప్పుడప్పుడూ తిప్పి పెట్టాలి.

నాలుగు నుంచి ఆరు వారాల్లో వేళ్లు పడతాయి. కొమ్మని మెల్లగా లాగితే కదలదు. అప్పుడు మ్యాట్ తీసేయండి. చాలామంది చలికాలమంతా ఉంచేస్తారు, దాంతో మట్టి అడుగునుంచి ఎండిపోతుంది, మొక్క బలం లేకుండా సాగుతుంది. తర్వాత దానికి కావాల్సింది వెలుతురు: ఎల్ఈడీ లైట్ కింద రోజుకి పన్నెండు గంటలైనా ఉండాలి. పైమట్టి ఆరాకే నీళ్లు, ఫిబ్రవరి దాకా ఎరువు వద్దు. ఇంటి హీటర్ పొడిగాలికి ఎర్ర నల్లి పడుతుంది, ఆకుల అడుగు చూస్తూ ఉండండి. మే మధ్యలో మంచు భయం పోయాక వారం పాటు నీడలో అలవాటు చేసి ఎండలో పెట్టండి.

కోలియస్, మనీప్లాంట్‌లకి ఈ ఖర్చు దండగ, గ్లాసు నీళ్లలోనే వేళ్లు వస్తాయి. కరివేపాకు కోసమైతే అసలు కొనకండి. కొమ్మ నుంచి అది రావడం కష్టం, పెద్ద చెట్టు మొదట్లో వచ్చే పిలకని వేరుతో సహా ఎవరినైనా అడిగి తెచ్చుకోండి.