జాగ్రత్త: ‘సరళ తాత్పర్యంతో’ అని అమ్ముతున్న ప్రభావతీ ప్రద్యుమ్నం కొనేముందు ఇది చదవండి

పాత తెలుగు కావ్యాలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్ల కోసం రాస్తున్నాను. పింగళి సూరన ప్రభావతీ ప్రద్యుమ్నం కోసం వెతుకుతున్నవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి. నేను 649 రూపాయలు పెట్టి కొన్న పుస్తకంలో ఒకచోట వరసగా 16 పేజీలు లేవు, ఉన్న పేజీల్లో చాలా అక్షరాలు లేవు, అట్ట మీద రాసిన తాత్పర్యం అసలే లేదు. అమ్మినవాడు ఇప్పటికీ అదే బొమ్మతో అమ్ముతూనే ఉన్నాడు.

ఎందుకు కొన్నానో చెప్తాను. మా అక్క కూతురు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇంగ్లిష్‌లో వచ్చే లావుపాటి ఫాంటసీ ప్రేమకథలు వరసపెట్టి చదువుతుంది. కలవకూడని ఇద్దరు ఉండాలి, వాళ్ల మధ్య ప్రేమ నెమ్మదిగా రగలాలి, సగం పుస్తకం అయ్యేదాకా చేయి కూడా పట్టుకోకూడదు. అలాంటివే తనకి ఇష్టం. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు “పిన్నీ, తెలుగులో ఇలాంటివి లేవా?” అని అడిగింది. ఎందుకు లేవమ్మా, పదహారో శతాబ్దంలోనే సూరన రాశాడు అని కథ మొదలుపెట్టాను.

వజ్రపురం అని ఒక నగరం. దాన్ని ఏలే వజ్రనాభుడు దానవ రాజు. బ్రహ్మ ఇచ్చిన వరం వల్ల అతని అనుమతి లేకుండా గాలి కూడా ఆ ఊళ్లోకి రాలేదు. అతని కూతురు ప్రభావతి. అటు ద్వారకలో కృష్ణుడి కొడుకు ప్రద్యుమ్నుడు. వజ్రనాభుడి వల్ల ఇంద్రుడికి ముప్పు వచ్చింది, అతన్ని చంపాల్సింది ప్రద్యుమ్నుడే. అంటే ఆ పిల్ల మనసిచ్చింది తన తండ్రిని చంపడానికి వస్తున్నవాడికి. వీళ్లిద్దరి మధ్య కబుర్లు మోసేది శుచిముఖి అనే ఆడ హంస. ఎంత మాటకారి అంటే సరస్వతీదేవే దానికి ‘ఉపమాతిశయోక్తి కామధేనువు’ అని బిరుదు ఇచ్చింది. ఒకరినొకరు చూసుకోకముందే ఆ హంస మాటల్లోనే ఇద్దరికీ ప్రేమ ముదురుతుంది. లోపలికి రావాలంటే ప్రద్యుమ్నుడు నటుల మేళంలో కలిసి నాటకం ఆడేవాడిగా రావాలి. ఈ కథ హరివంశంలోదే. సూరన దాన్ని 5 ఆశ్వాసాల కావ్యంగా పెంచి, ఆ ఎదురుచూపునే ఊరించి ఊరించి రాశాడు.

పిల్ల ఫోన్ పక్కన పెట్టేసి విన్నది. “ఆ తర్వాత ఏమైంది?” అంటే చెప్పలేదు, నువ్వే చదువుకో, పుస్తకం కొనిస్తానన్నాను. పద్యాలు తనంతట తాను చదివి అర్థం చేసుకోలేదు కాబట్టి తాత్పర్యం ఉన్న ప్రతి కావాలి. వెతికితే ఆన్‌లైన్‌లో ఇది కనపడింది. అట్ట మీద వెన్నెల్లో కోట, కోట మీద ఎగురుతున్న తెల్ల హంస, నీలం చీరలో ఒక అమ్మాయి. కింద ‘నిషిద్ధ ప్రేమ, అద్భుత లోకం, సరళ తాత్పర్యంతో, కొత్త ముద్రణ’ అని ఉంది. నాలుగున్నర స్టార్లు. పిల్లకి సరిగ్గా సరిపోయిందనుకుని ఆర్డర్ పెట్టేశాను.

పార్శిల్ విప్పగానే అట్ట బాగానే ఉంది. లోపల మొదటి పేజీ తిప్పితే బూడిద రంగు. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి, ఆ బొమ్మల్నే నేరుగా ప్రింట్ తీశారు. ఏదో గ్రంథాలయం వాళ్ల గుండ్రటి ముద్ర, ఎవరో పెన్సిల్‌తో గీసిన గీతలు, ఒక మూల స్కాన్ చేసినవాళ్ల వేలి నీడ, అన్నీ అలాగే వచ్చేశాయి. తాత్పర్యం ఒక్క ముక్క లేదు. పద్యం, వచనం, మళ్లీ పద్యం, అంతే.

పోనీ పద్యాలైనా పూర్తిగా ఉన్నాయా? పుస్తకం మధ్యలో నొక్కి తెరిస్తే తప్ప లోపలి అంచు కనపడదు. కుడిచేతి పేజీల్లో ప్రతి పాదంలోనూ మొదటి ఒకటి రెండు అక్షరాలు బైండింగ్ గమ్ములోకి వెళ్లిపోయాయి. పద్యం చదివేవాళ్లకి ఇది ఎంత నష్టమో తెలుసు. మొదటి అక్షరం యతి, రెండోది ప్రాస. ఆ రెండూ పోయాక మిగిలినదాన్ని పట్టుకుని పద్యం నడక ఎలా అందుకోవాలి? నేను గట్టిగా విప్పి చూద్దామని నొక్కితే నాలుగు పేజీలు ఊడి చేతికొచ్చాయి. వత్తులు మసిబారి క వత్తో త వత్తో తెలియదు. అరసున్నలన్నీ చుక్కలైపోయాయి.

ఇవన్నీ పిల్లకి చెప్పలేదు. నేనే పక్కన కూర్చుని చదివి అర్థం చెప్తానన్నాను. రోజుకో పది పద్యాల చొప్పున చదువుకుంటూ వెళ్లాం. హంస ప్రభావతి దగ్గరికి చేరి మాట కలిపే చోటికి వచ్చాం. పిల్ల పేజీ తిప్పి ఆగిపోయింది. “పిన్నీ, 64 తర్వాత 81 ఉంది.” నేను వెనక్కీ ముందుకీ తిప్పి చూశాను. లేవు. 65 నుంచి 80 దాకా, సరిగ్గా 16 పేజీలు. పాత పుస్తకాలు 16 పేజీల ఫారాలుగా అచ్చేసి కుట్టేవాళ్లు. గ్రంథాలయంలో ఉన్న ఆ ప్రతిలోనే ఒక ఫారం ఊడిపోయి ఉంటుంది. స్కాన్ చేసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చేశారు, వాళ్లని తప్పుపట్టను. డబ్బు తీసుకుని అమ్మినవాడు ఒక్కసారైనా పేజీలు లెక్కపెట్టుకోవాలి కదా. పిల్ల ముఖం చూసి నాకు కడుపులో దేవినట్టయింది.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తర్వాత అర్థమైంది. సూరన కావ్యం మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు, ఎవరైనా అచ్చేసుకోవచ్చు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఆర్కైవ్.ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని దించుకుని, కొత్త అట్ట తగిలించి, ఆర్డర్ వచ్చినప్పుడు ఒక్కో కాపీ ప్రింట్ తీసి పంపుతున్నారు. వ్యాఖ్యానాల సంగతి వేరు. తాత్పర్యం రాసిన పండితుడు పోయిన తర్వాత కూడా 60 ఏళ్ల వరకు ఆయన వాళ్లకి హక్కు ఉంటుంది. వీళ్లు అట్ట మీద తాత్పర్యం అని రాసి లోపల వట్టి మూలం పెట్టడం మాత్రం పచ్చి మోసం.

రిటర్న్ పెడితే “పుస్తకం బాగానే ఉంది, పాత పుస్తకాలు ఇలాగే ఉంటాయి” అని తిరగ్గొట్టారు. రెండోసారి పెడితే గడువు అయిపోయిందన్నారు. అప్పుడు 1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మేవాడు అనడానికి వీల్లేదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. 64, 81 ఎదురెదురుగా ఉన్న పేజీల ఫోటో, తాత్పర్యం అని రాసిన అట్ట ఫోటో, ప్రకటన స్క్రీన్‌షాట్ మూడూ కలిపి పెట్టాను. డబ్బు వెనక్కి వచ్చింది. మీరు కూడా ఆర్డర్ పెట్టే ముందే ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. నేను ఫిర్యాదు చేశాక వాళ్లు ఆ పేజీలో ‘తాత్పర్యం’ అనే మాట తీసేశారు. స్క్రీన్‌షాట్ లేకపోతే నా మాట ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

స్టార్లు చూసి అసలు నమ్మకండి. నేను ఆలస్యంగా రివ్యూలు తెరిచి చదివితే సగం మంది ‘గ్లాస్ సరిగ్గా సరిపోయింది, బుడగలు రాలేదు’ అని రాశారు. అది ఫోన్‌కి అంటించే గ్లాస్ గురించి! పాత వస్తువు పేజీనే మార్చి పుస్తకం పెట్టేశారన్నమాట. ప్రకటనలో లోపలి పేజీ ఫోటో ఒక్కటైనా లేకపోతే, ప్రచురణకర్త పేరు, ముద్రణ సంవత్సరం చెప్పకపోతే, వ్యాఖ్యాత పేరు లేకుండా వట్టిగా ‘తాత్పర్యంతో’ అని ఉంటే ఆగిపోండి. తాత్పర్యం దానంతటదే పుట్టదు, ఎవరో ఒకరు రాసి ఉండాలి కదా. వీలైతే పాత పుస్తకాల షాపులో చేత్తో పట్టుకుని చూసి కొనండి. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద, విజయవాడలో ఉంటే లెనిన్ సెంటర్‌లో అడగండి. అక్కడ కూడా పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. చదివితే చాలు అనుకుంటే స్కాన్ ఎలాగూ ఉచితం, దానికి 649 ఎందుకు?

ఆ 16 పేజీల సంగతి. మా ఊరి గ్రంథాలయంలో అట్ట లేని ఒక పాత ప్రతి దొరికింది. లైబ్రేరియన్ గారిని బతిమాలి ఆ భాగం అక్కడే కూర్చుని నోట్‌బుక్‌లోకి రాసుకున్నాను, మూడు మధ్యాహ్నాలు పట్టింది. పిల్ల హాస్టల్‌కి వెళ్లిపోయింది కాబట్టి రాత్రిళ్లు ఫోన్లో చదివి వినిపిస్తున్నాను. హంస ఇంకా ప్రభావతితో మాట్లాడుతూనే ఉంది.

తాత్పర్యంతో ఉన్న మంచి ప్రతి, పేజీలన్నీ ఉన్నది, మీ దగ్గర ఉంటే లేదా ఎక్కడైనా చూసి ఉంటే ఏ ప్రచురణో, ఏ సంవత్సరందో చెప్పండి. వెన్నెల కోట, తెల్ల హంస, నీలం చీర అట్టతో కనపడితే మాత్రం కొనకండి.