మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్: గేమ్ మాస్టర్ కుర్చీ నుంచి ఒక సమీక్ష

మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని సూపర్‌హీరోల పాత్రలు వేసుకుని ఆడే రోల్‌ప్లేయింగ్ ఆట. దాని మూడో ఎడిషన్‌తో మా గ్రూపుకి ఏళ్ల తరబడి ఆట ఆడిస్తున్నాను. కథ నడిపి విలన్ల పాత్రలు వేసే గేమ్ మాస్టర్ (జీఎం) కుర్చీ ఎప్పుడూ నాదే కాబట్టి, హీరోల్ని తయారుచేసుకునే ఆటగాళ్లకి ఇది ఎలా ఉంటుందో ఇక్కడ పెద్దగా రాయను. వారం వారం కొత్త విలన్నో రాక్షసుడినో పుట్టించి, వాడి ఆగడాల చుట్టూ ఒక కథ అల్లాల్సిన మనిషికి ఈ పుస్తకాలు ఎంతవరకు పనికొస్తాయి అన్నదే నా లెక్క. ముందే చెప్పేస్తాను. రాక్షసుణ్ణి తయారుచేయడానికి ఇంతకంటే మంచి పనిముట్లు నాకు దొరకలేదు. ఆ రాక్షసుడితో మూడు గంటల ఆటని రక్తి కట్టించడం మాత్రం పుస్తకం సరిగ్గా నేర్పదు.

తెలియనివాళ్ల కోసం కాస్త పరిచయం. ఇది అమెరికాలోని గ్రీన్ రోనిన్ వాళ్ల ఆట. స్టీవ్ కెన్సన్ రూపకల్పన, మొదటి ఎడిషన్ 2002లో వచ్చింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ ఆట మూడో ఎడిషన్ రూల్స్ మీద మొదలై, ఎడిషన్ ఎడిషన్‌కీ దానికి దూరం జరిగింది. మూడో ఎడిషన్ ముందు 2010లో డీసీ కామిక్స్ పాత్రలతో, ఆ తర్వాత 2011లో సొంత పేరుతో వచ్చింది. ఇరవై ముఖాల డైస్ ఒక్కటి ఉంటే చాలు. మామూలు హీరో అంటే పవర్ లెవెల్ (అంకెలకి పై హద్దు) 10, కట్టుకోవడానికి 150 పాయింట్లు. విలన్‌కి ఈ పాయింట్ల పరిమితి లేదు, ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. ఆ స్వేచ్ఛ మొదట్లో హాయిగా ఉంటుంది, కొన్నాళ్లకి అదే టెన్షన్ పెడుతుంది.

ఈ ఆటలో శక్తులకి పేర్లు మన ఇష్టం, పని మాత్రం పుస్తకం ఇష్టం. మంట విసిరినా, పిడుగు వేసినా, మొసలి తోకతో కొట్టినా లోపల అన్నీ డ్యామేజ్ అనే ఒకే ఎఫెక్ట్. ఎఫెక్ట్ ఎంత బలమైనదో చెప్పే అంకె ర్యాంక్, ఒక్కో ర్యాంక్‌కి 1 పాయింట్. ఒక ప్రాంతమంతా తగలాలంటే ర్యాంక్‌కి ఇంకో పాయింట్ వేసుకోవాలి. కళ్లు బైర్లు కమ్మించడం, వశీకరణం, కాళ్లు నేలకి అతుక్కుపోవడం, ఇవన్నీ అఫ్లిక్షన్ కిందకి వస్తాయి. ప్రాణం లేని యంత్ర రాక్షసుడు కావాలా? స్టామినా తీసేసి, ఫార్టిట్యూడ్ (ఒంటి ఓర్పు) మీద పడే దాడులు పనిచేయకుండా 30 పాయింట్ల ఇమ్యూనిటీ పెడితే విషం, రోగం, ఊపిరాడకపోవడం ఏవీ వాడి దగ్గరికి రావు. రెడీమేడ్ రాక్షసుల జాబితా తిరగేసే అవసరం లేకుండా, బుర్రలో ఏది తోస్తే అది అరగంటలో కాగితం మీదకి వస్తుంది. మొదటిసారి మాత్రం అరగంట కాదు, ఒక పూర్తి సాయంత్రం పడుతుంది. అది కూడా ఓపిక ఉంటేనే.

ఒక ఉదాహరణ చెప్తాను. పురాణంలో రక్తబీజుడి కథ మనందరికీ తెలిసిందే. నేల మీద పడ్డ ప్రతి రక్తపు బొట్టూ ఇంకో రక్తబీజుడు అవుతుంది. ఆ వరసలో, ఒళ్లంతా పాదరసంలా జారిపోయే ఒక జీవిని తయారుచేశాను. నా నోట్సులో దానికి గంభీరమైన పేరే ఉంది కానీ, ఆటగాళ్లు మొదటి పది నిమిషాల్లోనే బొట్టుగాడు అని ఖాయం చేసేశారు. ఆట భాషలో ఇది సమ్మన్ ఎఫెక్ట్. ర్యాంక్ 6 సమ్మన్ అంటే 90 పాయింట్లతో కట్టిన మినియన్, అంటే చిన్న అనుచరుడు, పుడుతుంది. దెబ్బ తగిలి టఫ్‌నెస్ చెక్ (డైస్ వేసి, దెబ్బ తట్టుకునే అంకె దానికి కలిపి చూడటం) ఫెయిలైన ప్రతిసారీ ఒకటి పుడుతుందని ట్రిగ్గర్ పెట్టాను. మినియన్లకి ఈ ఆటలో ఆయుష్షు తక్కువ. చెక్ ఒక్కటి తప్పినా నేరుగా చిట్టచివరి ఫలితమే, అంటే అవుట్. కాబట్టి పది మంది పుట్టినా ఆట కుప్పకూలదు, పోరులో సందడి పెరుగుతుంది. ఒక మినియన్‌ని పడగొట్టగానే ఇంకోదాన్ని కొట్టనిచ్చే టేక్‌డౌన్ అడ్వాంటేజ్ ఉన్న ఆటగాడికైతే ఆ రోజు పండగే.

బొట్టుగాడి కథ అంతా ఒక్క షరతు మీద నడిచింది: బొట్టు నేలని తాకాలి. మన పురాణాల్లో ప్రతి రాక్షసుడికీ వరం ఉంటుంది, ప్రతి వరంలో ఒక సందు ఉంటుంది. హిరణ్యకశిపుడికి పగలు కాదు రాత్రి కాదు, ఇంట్లో కాదు బయట కాదు, మనిషి కాదు మృగం కాదు అని ఇన్ని గడులు కడితే, సంధ్యవేళ గడప మీద నరసింహుడొచ్చాడు. నేను ఇప్పుడు ఏ రాక్షసుణ్ణి మొదలుపెట్టినా ముందు వరం, దాని పక్కనే సందు రాసుకుంటాను. అంకెలు ఆ తర్వాత. ఆటగాళ్లు మనం అనుకున్న సందులోంచి రారు, అది వేరే విషయం. బొట్టుగాడి విషయంలో, బొట్టు పడకముందే గాల్లో గడ్డకట్టిస్తారని నేను ఎదురుచూశాను. మా టెలిపోర్ట్ కుర్రాడు "అన్నా, సముద్రం నేల కింద లెక్కా?" అని అడిగాడు. కాదన్నాను. వెంటనే బొట్టుగాణ్ణి పట్టుకుని బంగాళాఖాతం పైకి తీసుకుపోయాడు. ఇంకో అమ్మాయి తన టెలికినిసిస్‌తో చినుకులన్నిటినీ ఒక బంతిలా పట్టుకుంటానంది. అది ఆమె హీరో వివరాల షీట్‌లో లేని శక్తి. ఎక్స్‌ట్రా ఎఫర్ట్ (శక్తికి మించిన ప్రయత్నం) పెట్టి పవర్ స్టంట్‌గా, అంటే అప్పటికప్పుడు వాడే కొత్త విద్యగా, తెచ్చుకుంది, దానివల్ల వచ్చిన అలసటని చేతిలో ఉన్న హీరో పాయింట్ ఖర్చుపెట్టి వదిలించుకుంది. ఈ రూల్ ఉన్నందుకే ఈ ఆటని ఇంకా వదల్లేదు.

ఇక గొడవలోకి వద్దాం. పెద్ద రాక్షసుడు ఒక్కడు, హీరోలు నలుగురైదుగురు. ఈ పోరు పుస్తకంలో చెప్పినట్టు కడితే రెండు రకాలుగా చెడిపోతుంది. దెబ్బ తగిలినప్పుడు ఇక్కడ హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) తగ్గవు. డ్యామేజ్ ర్యాంక్‌కి 15 కలిపి, ఆ అంకెని టఫ్‌నెస్ చెక్‌తో అందుకోవాలి. టఫ్‌నెస్ 10 ఉన్న విలన్ మీద ర్యాంక్ 10 దెబ్బ పడితే 25 రావాలి. డైస్ మీద 15, ఆ పైన పడితే ఏమీ కాదు. 10 నుంచి 14 అయితే ఇకపై ప్రతి టఫ్‌నెస్ చెక్‌కీ ఒక మైనస్ 1. 5 నుంచి 9 అయితే దాంతోపాటు డేజ్డ్ (బిత్తరపోవడం), 4, ఆ లోపు అయితే స్టాగర్డ్ (తూలిపోవడం). అంటే మొదటి దెబ్బకి, క్రిటికల్ (డైస్ మీద 20 పడ్డ గట్టి దెబ్బ) పడకపోతే, వాడు పడిపోడు. రెండు మైనస్‌లు పోగయ్యాక మాత్రం డైస్ మీద 1 పడితే వాడి కథ ముగిసినట్టే. స్టాగర్డ్ రెండోసారి పడినా అంతే. ఫలితం ఏంటంటే, మహా విలన్ ఒక రోజు గంటన్నర నిలబడతాడు, ఇంకో రోజు తన ఉపన్యాసం పూర్తికాకుండానే పడిపోతాడు. కామిక్స్‌లా ఉందని దీన్ని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు. నాకు ఇది నచ్చదు.

అయితే పవర్ లెవెల్ పెంచేద్దాం అనిపిస్తుంది. పవర్ లెవెల్ 14 విలన్, డాడ్జ్ (తప్పించుకునే అంకె) 14, టఫ్‌నెస్ 14. దాడి బోనస్ 10 ఉన్న హీరోకి డైస్ మీద 14 పడితేనే తగులుతుంది, అంటే 35 శాతం. తగిలిన దెబ్బలో ర్యాంక్ 10 డ్యామేజ్ సగం సార్లే పనిచేస్తుంది. వంద దెబ్బలు విసిరితే పదిహేడో పద్దెనిమిదో వాడికి ఆనతాయి. ఆటగాళ్ల మొహాలు చూడాలి అప్పుడు. నలుగురూ కలిసి టీమ్ ఎటాక్ చేస్తే దెబ్బకి 2 గానీ 5 గానీ కలుస్తుందనుకోండి, కానీ ప్రతి పోరూ టీమ్ ఎటాకే అయితే నలుగురు హీరోలెందుకు?

ఈ అంకెల పరిమితుల తిక్క పూర్తిగా తెలిసేది భారీ జంతువుని కట్టినప్పుడే. మాది విశాఖ. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద ఐఎన్ఎస్ కుర్సురా సబ్‌మెరీన్ మ్యూజియం ఉంది కదా, 91 మీటర్ల పొడవు. సముద్రం అడుగు నుంచి ఒక జీవి వచ్చి, ఒడ్డున పడున్న ఆ సబ్‌మెరీన్‌ని తన పిల్ల అనుకుంటుంది. ఇదీ కథ. రూల్ ప్రకారం గ్రోత్ (ఒళ్లు పెంచే ఎఫెక్ట్) 20 పెట్టాను. బలం, స్టామినా 20 పెరిగాయి, డాడ్జ్, పారీ (దగ్గరి దెబ్బని కాచుకునే అంకె) 10 తగ్గాయి. దాడి బోనస్ సున్నా పెట్టి, రక్షణలు ఎలాగోలా సున్నాకి తెస్తే కొండంత జంతువు కూడా పవర్ లెవెల్ 10 లోపలే ఇమిడిపోతుంది! కాగితం మీద హీరోలకి సరిజోడు. ఆడితే తెలుస్తుంది. పారీ 10 ఉన్న హీరోని తాకాలంటే దానికి డైస్ మీద 20 పడాలి. తాకిందంటే మాత్రం అది క్రిటికల్ కూడా, టఫ్‌నెస్ 10 ఉన్న హీరో డైస్ మీద 14, ఆ లోపు పడితే అతను ఆట నుంచి అవుట్. హీరోల దెబ్బలు దాదాపు ప్రతిసారీ తగులుతాయి, కానీ ఐదింట నాలుగు గీత కూడా పెట్టవు. గంటసేపు గాలికి కొట్టుకోవడమే.

అందుకే ఇలాంటి వాటికి గ్రోత్ కొనడం మానేశాను. సైజు మాటల్లో చెప్తాను, అంకెలు పోరుకి తగ్గట్టు విడిగా పెడతాను. పవర్ లెవెల్ 12, టఫ్‌నెస్ 16, డాడ్జ్ 8. తోక విసురు ర్యాంక్ 12 ఏరియా డ్యామేజ్. ఏరియా దాడికి తగిలిందా లేదా అనే రోల్ ఉండదు, హీరోలే డాడ్జ్ చెక్‌తో సగానికి తగ్గించుకోవాలి, కాబట్టి జంతువు ఎంత మొద్దుదైనా టర్న్ వృథా పోదు. రూల్స్‌ని ఇలా పక్కదారి పట్టించడం పుస్తకం చెప్పదు గానీ, వద్దనదు కూడా.

అదే కుర్సురా కథలో పుస్తకం చేసిన మేలూ ఉంది. దూరం, బరువు, కాలం అన్నిటికీ ఇందులో ఒకటే ర్యాంకుల టేబుల్. ర్యాంక్ సున్నా బరువు 50 పౌండ్లు, ఒక్కో ర్యాంక్‌కీ రెట్టింపు. ర్యాంక్ 10 దగ్గర 25 టన్నులు, 16 దగ్గర 1,600, 17 దగ్గర 3,200. కుర్సురా రెండు వేల టన్నులకి కాస్త తక్కువ, కాబట్టి ఎత్తడానికి బలం 17 కావాలి. మా బలశాలికి లిఫ్టింగ్‌కి మాత్రమే పనికొచ్చే బలం కలుపుకుని 16 ఉంది. ఎక్స్‌ట్రా ఎఫర్ట్‌తో ఒక్క ర్యాంక్ పెంచుకుంటే ఎత్తగలడు, అదీ కొద్ది క్షణాలే. ఆ రాత్రి ఆట మొత్తం ఆ ఒక్క ర్యాంక్ చుట్టూ తిరిగింది. జంతువు ఓడని సముద్రంలోకి లాగుతుంటే అతను ఇటు పట్టుకోవాలి, ఈలోగా శబ్ద శక్తులున్న ఆటగాడు దాని పిల్ల కూతని కనిపెట్టి లోతు నీళ్ల వైపు నుంచి వినిపించాలి. చంపాల్సిన రాక్షసుడు కాదది, వెనక్కి పంపాల్సిన తల్లి. దానికేం కావాలో తేలిపోయాక టఫ్‌నెస్ ఎంతైతే ఏంటి!

కథల విషయంలో గేమ్‌మాస్టర్స్ గైడ్‌లో విలన్ల రకాలు, వాళ్ల ఎత్తుగడలు, స్థావరాలు బాగానే ఇచ్చారు. మాఫియా నాయకుడు, పిచ్చి శాస్త్రవేత్త లాంటివాళ్లని అంకెలు మార్చి వాడేసుకోవచ్చు. రెడీమేడ్ విలన్లు కావాలంటే త్రెట్ రిపోర్ట్ అనే పుస్తకం ఉంది. నాకు వాటికంటే ఎక్కువ పనికొచ్చింది కాంప్లికేషన్ల రూల్. ప్రతి హీరోకీ ఒక బలహీనతో, రహస్యమో, బంధమో షీట్ మీదే రాసి ఉంటుంది. జీఎం దాన్ని వాడి ఇబ్బంది పెట్టినప్పుడల్లా ఆ ఆటగాడికి హీరో పాయింట్. విలన్ తప్పించుకుపోవాల్సి వచ్చినా అంతే, పాయింట్ ఇచ్చి తప్పించేయొచ్చు. ఆటగాళ్లు తిట్టుకుంటూనే చెయ్యి చాపి తీసుకుంటారు. కొత్త కథ రాసే ముందు అందరి కాంప్లికేషన్లూ ఒక కాగితం మీద రాసుకుని, వాటిలో రెండింటిని విలన్ ప్లాన్‌కి అడ్డంగా పెడతాను. మిగతాది టేబుల్ దగ్గర దానంతటదే నడుస్తుంది.

పెద్ద విలన్ చప్పగా పడిపోయే సమస్యకి మందు మాత్రం వేరే ఆట నుంచి తెచ్చుకున్నాను. మాస్క్స్ అనే ఆట 2016లో వచ్చింది, టీనేజ్ హీరోల గురించి. అందులో విలన్‌కి పాయింట్లు, ర్యాంకులు ఏమీ ఉండవు. భయం, కోపం, అపరాధ భావన, నిరాశ, అభద్రత, వీటిలో కొన్ని ఉంటాయి. దెబ్బ తగిలి ఒక్కోటి గుర్తు పెట్టినప్పుడల్లా విలన్ వెంటనే ఏదో ఒకటి చేస్తాడు. దాన్ని ఇక్కడికి దించాను. నా విలన్ డేజ్డ్ అయినా, స్టాగర్డ్ అయినా అప్పటికప్పుడు ఒక పని చేస్తాడు: బ్రిడ్జి తీగ తెంపుతాడు, ముసుగు తీస్తాడు, బతిమాలతాడు, అనుచరుణ్ణి బలిస్తాడు. ఆ పనులు ముందే రాసి పెట్టుకుంటాను. వాడు తొందరగా పడిపోయినా ఈ రెండు మూడు ఘట్టాలు వచ్చి తీరతాయి.

పుస్తకం రాత గురించి ఒక మాట. ఒక్క ఎఫెక్ట్ అర్థం కావాలంటే కండిషన్ల (డేజ్డ్, స్టాగర్డ్ లాంటి స్థితుల) పేజీ, చర్యల పేజీ, ఎక్స్‌ట్రాల (శక్తికి తగిలించే అదనపు హంగుల) పేజీ అటూ ఇటూ తిప్పాలి. ఇండెక్స్ ఉంది, అయినా తిప్పాలి. మా గ్రూపులో తెలుగులోనే ఆడతాం, రూల్స్ పేర్లు మాత్రం ఇంగ్లిష్‌వే నడుస్తాయి, దానివల్ల ఇబ్బందేం రాలేదు. పాయింట్ల లెక్కలకి హీరో ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఉంది గానీ, విలన్‌కి లెక్కే లేనప్పుడు జీఎంకి దాని అవసరం తక్కువ. 1981 నాటి చాంపియన్స్ అనే సూపర్‌హీరో ఆట ఆడినవాళ్లకి ఈ లెక్కలు పిల్లలాటలా ఉంటాయి. మాస్క్స్ అలవాటైనవాళ్లకి మాత్రం తలనొప్పే.

కొనాలనుకుంటే ముందు డీలక్స్ హీరోస్ హ్యాండ్‌బుక్ అనే అసలు రూల్స్ పుస్తకం పీడీఎఫ్ చాలు. విదేశం నుంచి ప్రింట్ తెప్పించుకుంటే షిప్పింగ్ ఖర్చు బాదేస్తుంది. ముందు రుచి చూడాలంటే రూల్స్ చాలావరకు డీ20 హీరో ఎస్ఆర్‌డీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి. గేమ్‌మాస్టర్స్ గైడ్ రెండో నెలలో కొనుక్కోవచ్చు. పీడీఎఫ్‌లోంచి ర్యాంకుల టేబుల్, కండిషన్ల పేజీ ప్రింట్ తీసి లామినేషన్ చేయించుకోండి. టేబుల్ మీద టీ కప్పులు ఎలాగూ ఉంటాయి.