పోత ఇనుము మూకుడులో బెండకాయ వేపుడు: ఐదేళ్ల వాడకం తర్వాత

10 అంగుళాల మూకుడు, అడుగు చదును, బరువు రెండున్నర కిలోలకు కాస్త పైనే. వారానికి మూడు నాలుగు సార్లు పొయ్యి ఎక్కుతుంది, అందులో సగం బెండకాయ వేపుడుకే. ఈ సమీక్ష కూడా దాని చుట్టూనే.

ముందే ఒక మాట. ఎంత మంచి మూకుడైనా తడి కాయను బాగుచేయలేదు. బెండ జిగురుకు నీళ్లు తోడైతే ఇక దానికి అంతుండదు. కాయలు కడిగి, పొడిబట్టతో తుడిచి, గంటసేపు ఫ్యాను కింద ఆరనిచ్చాకే కత్తి పెట్టాలి. ముక్క అరంగుళం ఉండాలి. మరీ సన్నగా తరిగితే జిగురు ఎక్కువ కారుతుంది, గింజలు రాలి అడుగున మాడతాయి. కొస తుంచితే టక్కున విరగాలి. వంగే కాయ ఎంత వేయించినా పీచే.

ఈ మూకుడు గొప్ప తెలిసేది ముక్కలు పడ్డాక. పల్చటి గిన్నెలో అరకిలో ముక్కలు ఒక్కసారిగా వేస్తే వేడి దిగిపోయి, అవి వేగడం మానేసి ఉడుకుతాయి. పోత ఇనుము దళసరి కాబట్టి అంత తొందరగా చల్లారదు. మధ్యస్థమైన మంట మీద నాలుగైదు నిమిషాలు ఖాళీగా కాగనివ్వాలి. నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి. అప్పుడు 3 టేబుల్ స్పూన్ల నూనె, అర టీస్పూను ఆవాలు, టీస్పూను మినప్పప్పు, రెండు ఎండుమిర్చి, కరివేపాకు. పప్పు రంగు తిరగడం మొదలవగానే ముక్కలు వేసేయాలి. పూర్తిగా ఎర్రబడేదాకా ఆగితే ముక్కలు వేగేలోపు అది నల్లబడుతుంది.

మూత వద్దు, ఉప్పూ వద్దు. మొదటి ఐదు నిమిషాల్లో రెండుసార్లు కదిపితే చాలు. ఏడెనిమిది నిమిషాలకు అట్లకాడకు తీగలు సాగుతాయి. చాలామంది ఇక్కడే కంగారుపడి మంట తగ్గిస్తారు, వేపుడు ముద్దయ్యేది అందుకే. మంట అలాగే ఉంచితే 12 నిమిషాలకల్లా తీగలు తెగి, ముక్కలు విడివిడిగా దొర్లుతాయి. ముప్పావు టీస్పూను ఉప్పు, చిటికెడు పసుపు అప్పుడు వేయాలి. మొదట్లోనే వేస్తే ఉప్పు నీరు లాగేస్తుంది. పైగా కూర సగానికి దగ్గరపడుతుంది కనుక, పచ్చి ముక్కల రాశిని చూసి వేసిన ఉప్పు ఎప్పుడూ ఎక్కువే.

మరో ఐదు నిమిషాలకు పొయ్యి కట్టేసి వెల్లుల్లి కారం కలపాలి. ఆరు రెబ్బలు, అర టీస్పూను జీలకర్ర, టీస్పూను కారం కచ్చాపచ్చాగా దంచితే సరి. మూకుడులో మిగిలిన వేడికే పచ్చివాసన పోతుంది. మంట మీదే వేస్తే వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది, ఇల్లంతా దగ్గులు.

ఇక లోపాలు. ఆకుపచ్చ రంగు దక్కదు. ఇనుము తగిలి బెండకాయ కాస్త నల్లబడుతుంది. రుచికి ఢోకా లేదు గానీ, పచ్చగా కనిపించాలంటే స్టీలులో వండుకోవడమే. వేపుడు అవగానే వేరే గిన్నెలోకి తీసేయాలి. రాత్రిదాకా అందులోనే ఉంచితే ఇంకా నల్లబడి, తుప్పు వాసన అంటుకుంటుంది. చింతపండు, టమాటా, నిమ్మరసం దీనికి పడవు. నూనె కాగి ఏర్పడిన నల్లటి పొరను పులుపు తినేస్తుంది. కిలో కాయలైతే రెండు వాయిలు తప్పవు. చెయ్యి నొప్పి ఉన్నవాళ్లకు ఈ బరువు నిజంగా ఇబ్బందే.

దొండకాయకూ బాగుంటుంది గానీ దానికి మొదటి ఆరేడు నిమిషాలు మూత కావాలి. మూత తీసేటప్పుడు దాని లోపల పట్టిన నీరు కూరలోకి కారకుండా పక్కకు వంచి తీయాలి.

కొత్తది కొన్నాక రెండు రోజులు గంజి కాచి పారబోసి, ఆపై పల్చగా నూనె రాసి పొగ వచ్చేదాకా వేడిచేయడం నాలుగైదుసార్లు చేస్తే పొర కుదురుతుంది. అయినా మొదటి నెలరోజులు అడుగంటుతుంది, అప్పుడే విసుగుపడి అటక ఎక్కించకండి. కడిగాక తుడిచి వదిలేస్తే చాలదు. రెండు నిమిషాలు పొయ్యి మీద పెట్టి తడి ఇగిరాక, నాలుగు చుక్కల నూనె రాయాలి. తుప్పు మొదట పట్టేది చెవుల మలుపుల్లో, గుడ్డ సరిగా అందని చోట.