‘కాపాడిన కుక్కపిల్ల’ పేరుతో మోసం: వరంగల్, హనుమకొండ వాళ్లు జాగ్రత్త

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో కుక్కపిల్లను దత్తత తీసుకోవాలనుకుంటున్న వాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. వీధిలో దొరికిన పిల్లల్ని కాపాడి ఇళ్లు చూపిస్తున్నానని చెప్పుకుంటూ ఒక మనిషి జబ్బు పిల్లల్ని అంటగడుతున్నాడు. గత నెలలో మేము మోసపోయాం. తెచ్చుకున్న పిల్ల ఆరో రోజు తెల్లవారుజామున చనిపోయింది.

మా ఇంటికి కుక్కలు కొత్త కాదు. మా రాజు, భద్రకాళి చెరువు కట్ట దగ్గర కాలు విరిగి పడి ఉంటే ఏడేళ్ల కిందట తెచ్చుకున్నవాడు. ఆ తర్వాత నాలుగు పిల్లల్ని కోలుకునేదాకా ఇంట్లో ఉంచుకుని మంచి ఇళ్లకు పంపాం. ఇంత తెలిసి కూడా మోసపోయాను కాబట్టే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అమ్మాయి ఫోనులో ఫోటో చూపించింది. ఆకుపచ్చ తువ్వాలు మీద బెల్లం రంగు పిల్ల. ఎడమ ముందు కాలి వేళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. కింద వివరం: కాజీపేట స్టేషన్ దగ్గర మురుగు కాల్వలో దొరికింది, తల్లి లారీ కింద పడి చనిపోయింది, వయసు రెండున్నర నెలలు, రెండు టీకాలు పూర్తి, దత్తత ఉచితం. ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మాటమాటకీ ‘అక్కా’ అన్నాడు. చివరికి టీకాలకూ పాలకూ ఇన్నాళ్లు తన దగ్గర ఉంచుకున్నందుకూ కలిపి 3,500 రూపాయలు ముందే పంపమన్నాడు. ఖర్చు అడగడం నాకు తప్పనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. నిజంగా సేవ చేసేవాళ్లకు కూడా టీకాలు ఊరికే రావు.

నేను అనుమానించవలసింది మరో చోట. ‘మీ ఇంటికే వచ్చి చూసి తీసుకెళ్తాం’ అంటే, ‘ఇంటి యజమాని ఒప్పుకోడు అక్కా, హంటర్ రోడ్డుకు నేనే తెస్తాను’ అన్నాడు. ‘ఆదివారం దాకా ఉంచుతావా?’ అని అడిగితే, ‘ఈ రాత్రికి ఎవరూ తీసుకోకపోతే మళ్లీ రోడ్డు మీదే వదిలెయ్యాలి’ అన్నాడు. పక్కనే వింటున్న మా అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. డబ్బు పంపేశాను.

రాత్రి తొమ్మిదింటికి ఒక టీ కొట్టు ముందు, బండి దిగకుండానే అట్టపెట్టె చేతికిచ్చాడు. మా ఇల్లెక్కడో, పగలు ఇంట్లో ఎవరుంటారో, ఇంతకుముందు కుక్కను పెంచామో లేదో ఒక్క మాటైనా అడగలేదు. నేను ఒక పిల్లను ఎవరికైనా ఇచ్చేముందు వాళ్ల డాబా మీద పిట్టగోడ ఎంత ఎత్తుందో కూడా చూసి వస్తాను. ఆ మనిషికి అలాంటి బెంగ లేకపోవడం అప్పుడే నా మనసుకు తట్టి ఉండాల్సింది.

మా అమ్మాయి దానికి ‘బెల్లం’ అని పేరు పెట్టింది. రెండో రోజు రాత్రి అది గిన్నె ముట్టలేదు. తెల్లవారేసరికి నురగ వాంతులు, మధ్యాహ్నానికి రక్త విరేచనాలు. ఆ వాసన ఒకసారి చూసినవాళ్లకు మర్చిపోవడం సాధ్యం కాదు. డాక్టరు గారు మలం తీసి కిట్‌తో పరీక్ష చేశారు. రెండు గీతలు పడ్డాయి, అంటే జబ్బు ఉన్నట్టే. పార్వో, కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే ప్రాణాంతకమైన అంటువ్యాధి.

ఆ తర్వాత ఆయన బెల్లం నోరు తెరిచి నాకు చూపించారు. ముందు పళ్లు సన్నని సూదుల్లా వచ్చాయి, వెనక పళ్లు ఇంకా చిగుళ్లలోనే ఉబ్బెత్తుగా ఉన్నాయి. కుక్కపిల్లకు పాలపళ్లు 28. ఎనిమిది వారాలకల్లా దాదాపు అన్నీ బయటికి వచ్చేస్తాయి. ‘దీనికి రెండున్నర నెలలు ఎక్కడివమ్మా? ఐదు వారాలు ఉంటే ఎక్కువ. తల్లి దగ్గర పాలు తాగుతూ ఉండాల్సిన పిల్ల ఇది’ అన్నారు.

మరి రెండు టీకాలు ఎలా పడ్డాయి? కార్డు బల్ల మీద పెట్టి ఇద్దరం చూశాం. మొదటి టీకా వేసిన తేదీ జూలై 10 అని రాసి ఉంది. పక్కన అంటించిన స్టిక్కరు మీద మందు గడువు మే నెలతోనే ముగిసింది. గోటితో అంచు లేపితే దాని వెనక మరో కార్డు కాగితం పొర అంటుకుని వచ్చింది. ఎవరి కుక్క కార్డు నుంచో పీకి అతికించినది. సంతకం ఉన్నచోట ఒక గీత, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు లేదు. అసలు పార్వో టీకా మొదటి డోసే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేస్తారు. తల్లి నుంచి వచ్చిన రక్షణ శక్తి టీకాను పని చేయనివ్వదు కాబట్టి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున 16 వారాలు నిండేదాకా మళ్లీ వేస్తూ పోవాలి. ఐదు వారాల పిల్లకు ‘రెండు టీకాలు పూర్తి’ అనే మాటే అబద్ధం.

నాలుగు రోజులు సెలైన్ ఎక్కించాం. 11,400 రూపాయలు అయ్యాయి. ఆ లెక్క చెబుతున్నది డబ్బు కోసం కాదు, ‘ఉచిత దత్తత’ ఎక్కడికి దారితీస్తుందో తెలియాలని. ఆ చిన్న కాలిలో నరం దొరక్క మూడుచోట్ల సూది గుచ్చాల్సి వచ్చింది. మూడోసారికి అది అరవడం కూడా మానేసింది.

పిల్లను ఇచ్చిన ఆ మనిషికి ఫోన్ చేస్తే ‘మీ పెద్ద కుక్కే అంటించింది’ అన్నాడు. పార్వో ఒంట్లోకి చేరాక లక్షణాలు కనబడడానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. బెల్లం మా ఇంటికొచ్చి అప్పటికి రెండు రోజులు. రాజుకు ఏటా టీకా వేయిస్తున్నాం, వాడు ఈరోజుకీ నిక్షేపంగా ఉన్నాడు. ఈ మాట చెప్పగానే నా నంబరు బ్లాక్ చేశాడు.

తెలిసినవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాక మరో ఇద్దరు బయటపడ్డారు. జనగామలో ఒకరికి ఇలాగే జబ్బు పిల్లను ఇచ్చాడు, అది అదృష్టం కొద్దీ బతికింది. కరీంనగర్‌లో ఒకరికి మా బెల్లం ఫోటోనే పంపి, కాలు విరిగింది, ఆపరేషన్ చేయించాలంటూ 2,000 రూపాయలు తీసుకున్నాడు. అదే ఆకుపచ్చ తువ్వాలు.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది ఇది. మడికొండ వైపు వీధి కుక్కలకు తిండి పెట్టే ఒకావిడ ఫోటో చూసి, ‘ఇది మా వీధి పిల్లే, నాలుగూ ఒకే రాత్రి మాయమయ్యాయి’ అంది. వెళ్లి చూశాను. తల్లి లారీ కింద పడలేదు. అదే బెల్లం రంగు, ఎడమ కాలికి అవే తెల్ల వేళ్లు. పొదుగు ఇంకా జారి ఉంది. పిల్లల్ని పెట్టిన ఇసుక కుప్ప దగ్గరికి వెళ్లి వాసన చూసి మళ్లీ వస్తోంది.

ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చెబుతున్నాయి. ఆ వ్యాపారం చేసేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి. ‘అమ్మకం’ అనకుండా ‘దత్తత’ అంటే ఇవేవీ తనకు వర్తించవని ఇతని ధీమా అనుకుంటాను. నేను 1930కి ఫోన్ చేసి సైబర్ నేరాల విభాగంలో ఫిర్యాదు నమోదు చేశాను. కానీ వారం ఆలస్యంగా చేశాను. మీకు జరిగితే అదే రోజు చేయండి, డబ్బు వెళ్లిన ఖాతాను ఆపే అవకాశం అప్పుడే ఎక్కువ.

పిల్లను తెచ్చుకునేముందు అది ఉన్న చోటికి పగటి పూట వెళ్లండి. చూపించనంటే అక్కడితో వదిలేయండి, ఎంత జాలి వేసినా సరే. డబ్బు పంపకముందే పిల్లను పశువుల దవాఖానకు తీసుకెళ్లి నోరు తెరిపించండి. టీకా కార్డులో స్టిక్కరు గడువును, రాసిన తేదీని పక్కపక్కన పెట్టి చూడండి. వైద్యానికి సాయం చేయాలనుకుంటే డబ్బు నేరుగా వైద్యశాలకే కట్టండి. ఫోటోను ఇంటర్నెట్లో వెతికి చూస్తే ఎక్కడెక్కడ ఏ కథతో తిరిగిందో చాలాసార్లు తెలిసిపోతుంది. పిల్లను తెచ్చుకున్నాక మిగతా కుక్కలకు దూరంగా రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. మీకు పిల్లను ఇచ్చేవాళ్లు ఇల్లు చూస్తామంటే, గుర్తింపు కార్డు నకలు అడిగితే, పెద్దయ్యాక సంతాన నిరోధక ఆపరేషన్ చేయిస్తామని రాసివ్వమంటే విసుక్కోకండి. కుదరకపోతే తిరిగి మాకే ఇవ్వండి, రోడ్డు మీద వదలొద్దు అనే వాళ్లు దొరికితే వాళ్ల దగ్గరే తీసుకోండి.

ఇప్పటికే ఇతని దగ్గర పిల్లను తీసుకున్నవాళ్లుంటే, మామూలు ఫినాయిల్‌తో కడిగి ఊరుకోవద్దు. పార్వో క్రిమి దానికి లొంగదు, నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఒక వంతు ద్రవ బ్లీచ్‌కు ముప్ఫై వంతుల నీళ్లు కలిపి, నేల మీద పది నిమిషాలు నిలవనిచ్చి కడగండి. పెరటి మట్టిని అలా కడగలేం కాబట్టి టీకాలు పూర్తికాని పిల్లను ఏడాది దాకా మా ఇంటికి తీసుకురాలేను. ఈ వర్షాల్లో ఇద్దరు ఫోన్ చేసి పిల్లల్ని ఉంచుకోమని అడిగితే కాదనాల్సి వచ్చింది.

నిన్న సాయంత్రం అదే తువ్వాలు మీద నల్ల పిల్ల ఫోటో కొత్త నంబరుతో వచ్చింది. ఈసారి కథ ఖిలా వరంగల్ కోటగోడ దగ్గర దొరికిందని. ఆదివారం తెచ్చుకుంటున్నామని హనుమకొండ నుంచి ఎవరో కింద రాశారు. ఆ రాసింది మీరైతే వెళ్లేముందు నాకు ఒక్కసారి ఫోన్ చేయండి, నేనూ మీతో వస్తాను.