విశాఖ చుట్టూ పాత నాణేల ఊళ్లు: చూడాల్సినవి, కొనకూడనివి

బీచ్‌రోడ్డులో గుడ్డ పరిచి ‘తొట్లకొండ తవ్వకాల్లో దొరికినవి బాబూ’ అంటూ అమ్మే నాణేల జోలికి పోకండి. మా బావగారు ఒకటి 600 రూపాయలకు కొన్నారు. ఒకవైపు రామ పట్టాభిషేకం, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818, ‘వన్ అణా’. ఇలాంటి అణా కంపెనీ ఏనాడూ వేయలేదు. మద్రాసులో వేసిన కంపెనీ వరహాల మీద దేవుళ్ల బొమ్మలున్న మాట నిజమే. అవి చిట్టి బంగారు నాణేలు. దాన్ని అడ్డం పెట్టుకునే ఈ అమ్మకమంతా. అంచు చుట్టూ వేలు తిప్పితే పోత అతుకు గీత తగులుతుంది, లోహం మీద సూదిమొనంత గుంటలు కనిపిస్తాయి. అచ్చుదెబ్బతో కొట్టిన నాణేనికి ఆ గీత ఉండదు. నికార్సయిన నాణెమే అయినా, ఏ ఊళ్లో, ఏ చేలో, ఎంత లోతున, దేని పక్కన దొరికిందో చెప్పలేకపోతే అది ఆ నేల గురించి చెప్పేది సున్నా.

తొట్లకొండ బౌద్ధ విహారం మాత్రం తప్పక చూడండి. 1988–93 తవ్వకాల్లో అక్కడ 9 సాతవాహన నాణేలు, 5 రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. రోమన్ వెండి చూసి కింది ఊళ్లు సిరితో తులతూగాయనుకోవద్దు. వెండి, బంగారం సముద్ర వర్తకుడి మూటలో ఎంత దూరమైనా వస్తాయి, విహారానికి దానంగా చేరతాయి. సీసం, పోటిన్ (రాగి, తగరం, సీసం కలిసిన లోహం) చిల్లర అంత దూరం పోదు. అది చేలల్లో, రేవుల్లో, సంత స్థలాల్లో విడివిడిగా దొరికితేనే అక్కడ రోజువారీ కొనుగోళ్లు సాగాయని అర్థం.

నా ఓటు శంకరానికే. అనకాపల్లి నుంచి మూడు కిలోమీటర్లు. అక్కడి బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండ మెట్ల దగ్గర బావగారు అలిగి కిందే కూర్చున్నారు, నష్టం ఆయనదే. 1900ల తొలి దశకంలో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వించాడు. ఒకే చోట గుర్రం బొమ్మతో సాతవాహనుల సీసపు నాణెం, సముద్రగుప్తుడి బంగారు నాణెం, విషమసిద్ధి బిరుదున్న తూర్పు చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. అంటే కొన్ని వందల ఏళ్ల పాటు ఈ కొండకు రాకపోకలు ఆగలేదు. సముద్రగుప్తుడి దక్షిణ దండయాత్ర శాసనంలో ఈ ప్రాంతపు దేవరాష్ట్రం పేరుంది నిజమే, కానీ ఒక్క బంగారు నాణెంతో గుప్తులు ఇక్కడ ఏలారని చెప్పేవాళ్లను నమ్మకండి. నా లెక్కలో ఆ బంగారం కన్నా చాళుక్యుల రాగే విలువైన సాక్ష్యం.

చేలో దొరికేవాటిని చదవడానికి ఇంకో చిక్కుంది. కుండలో దాచిన నిధి ఒక భయాన్నో, ఒక ప్రయాణాన్నో చెబుతుంది. చేను వాడకాన్ని కాదు. విడి నాణేలు పెంటకుప్పతో కలిసి ఇళ్ల దగ్గర నుంచి చేలోకి చేరుతాయి కాబట్టి, అవి పలచగా పరుచుకున్న మేరకు ఎరువు తోలి సాగు చేసిన నేల ఉండి ఉండాలి. నాగలి వాటిని పక్కకు జరుపుతుంది, రోటవేటర్ ముక్కలు చేస్తుంది. ఆపైన చింతపండు పెట్టి తోముతారు! రాగి మీద పట్టిన పచ్చపొరతో పాటు అక్షరాలూ పోతాయి. సీసం మీద తెల్ల పొక్కు కనిపిస్తే అసలు గీకకూడదు. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 చట్టం.

నాణెం లేకపోతే ఊరు పాడుపడిందనీ కాదు. సింహాచలం శాసనాల్లో అఖండ దీపాలకు గండమాడలనే నాణేలతో పాటు గోవులనూ ఇచ్చారు. నాణెం చేతులు మారకుండానే సాగిన ఇచ్చిపుచ్చుకోళ్లు మట్టిలో కనిపించవు.

అనకాపల్లి మెస్సులో 120 రూపాయల భోజనం బాగుంది. బావగారి అలక చివర్లో వడ్డించిన బెల్లం పరమాన్నంతో తీరింది. కారుకు 2,400 అని మాట్లాడుకుంటే, తొట్లకొండ ఘాట్ రోడ్డు ఎక్కినందుకని డ్రైవర్ ఇంకో 500 పట్టుపట్టాడు. కొండ పైదాకా, ఆగే సమయంతో సహా అని ముందే మాట్లాడుకోండి.