పాత పోర్షె 944కి టర్బో కింది ట్రే: వైజాగ్ ఉప్పుగాలిలో రెండేళ్ళు వాడాక

పోర్షె 944 టర్బో మోడల్‌కి కంపెనీయే ఇంజన్ కింద పళ్ళెంలా బిగించి ఇచ్చిన కింది ట్రేని మామూలు 944కి వేసుకుంటే ఏం లాభమని అడిగేవాళ్ళకి నా మొదటి మాట ఇదే: స్పీడ్ కోసం వేసుకోకండి, టెంపరేచర్ ముల్లు కోసం వేసుకోండి. ఆనందపురం నుంచి అనకాపల్లి వెళ్ళే ఆరు లైన్ల రోడ్డు ఎక్కితే ఇప్పటికీ నా చూపు ముందు ఆ ముల్లు మీదకే పోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ఏసీ వేసుకుని వెళ్తున్నా అది ఇదివరకు ఎక్కినంత ఎక్కడం లేదు. ఈ కారు కోసం పెట్టిన ఖర్చుల్లో నాకు ఇంత సంతోషం ఇచ్చింది ఇంకోటి లేదు.

ట్రే లేకపోతే ముక్కు కింద దూరిన గాలి రేడియేటర్‌ని తప్పించుకుని నేరుగా ఇంజన్ దగ్గరికి చేరుతుంది. అక్కడ గాలి కిక్కిరిస్తే రేడియేటర్ గుండా వచ్చేదానికి బయటికి పోయే దారి ఉండదు. ట్రే ఆ దొడ్డిదారి మూసేస్తుంది. వేడెక్కిన గాలిని ట్రే వెనక అంచు దగ్గర, కారు కింద జోరుగా పోయే గాలి తన వెంట లాక్కుపోతుంది. వానాకాలంలో ఇంకో లాభం కూడా కనిపించింది. రోడ్డు మీద నీళ్ళు ఇంజన్ మీదకి చిమ్మడం బాగా తగ్గింది, బెల్టుల కీచుమనే చప్పుడు పోయింది.

ఇక మైలేజీ అంటారా, నాకు తేడా ఏమీ తెలియలేదు. కంపెనీ లెక్క ప్రకారం మామూలు 944 డ్రాగ్ (గాలి అడ్డుని కొలిచే అంకె) 0.35, టర్బోది 0.33. ఆ తేడాలో ముందు బంపర్ వాటా కూడా ఉంది. పైగా గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి గంటకి 200 కిలోమీటర్ల దగ్గర ఉండే అడ్డులో 100 దగ్గర ఉండేది పావు వంతే. మన హైవే మీద పోయే వేగానికి అది జేబుకి తెలిసే సంగతి కాదు.

అసలు కథ ట్రేతో పాటు వేయించిన వెనక ప్లేటుది. గేర్‌బాక్స్ కింద నుంచి సైలెన్సర్ ముందు వరకు అల్యూమినియం ప్లేటు, దాని చివర కాస్త పైకి లేచే డిఫ్యూజర్ అంచు, అంటే కారు కింద గాలిని వెనక్కి వదులుతూ కారుని నేలకి పీల్చిపట్టేది. ఇది కంపెనీది కాదు, ఒక వర్క్‌షాప్‌లో చేయించింది. మొదటి వానాకాలం బాగానే గడిచింది. తర్వాత ఒకరోజు భీమిలి బీచ్ రోడ్డులో, ఎర్రమట్టి దిబ్బలు దాటాక, కింద నుంచి డబడబమని చప్పుడు. స్పీడ్ పెంచితే చప్పుడు పెరుగుతోంది, కారు వెనక్కి పట్టి లాగుతున్నట్టు బరువెక్కుతోంది. పక్కకి ఆపి వంగి చూస్తే ప్లేటు ముందు అంచు కిందికి వేలాడుతూ గాలికి ఎదురుగా పెట్టిన చేటలా ఉంది. లోపల గుప్పెడు ఇసుక కూడా చేరింది. తాడుతో కట్టుకుని ఇంటికి చేరేదాకా టెన్షనే.

ఆటోనగర్‌లో లిఫ్ట్ మీద పెట్టి చూశాం. కారు బాడీకి ఏమీ కాలేదు, పోర్షె వాళ్ళు దానికి జింక్ పూత వేశారు. ప్లేటులో మాత్రం ప్రతి స్టీల్ బోల్టు చుట్టూ తెల్లటి పొడి, వేలితో గీకితే రాలిపోతోంది. ఉప్పు తడిలో స్టీల్, అల్యూమినియం ఒకదానికొకటి తగిలి ఉంటే ముందు తినుకుపోయేది అల్యూమినియమే. రంధ్రాలు పెద్దవైపోయి బోల్టు తలలు లోపలికి జారిపోయాయి.

కొత్త ప్లేటు ఫిషింగ్ హార్బర్ దగ్గర ఫైబర్ బోట్లు చేసే మేస్త్రి చేత వేయించాను. నా పాత ప్లేటునే అచ్చుగా పెట్టుకుని, గాజు పీచు మ్యాట్ మీద మ్యాట్ పరిచి, రెజిన్ అనే జిగురు పూసి, రోలర్‌తో గాలి బుడగలన్నీ ఓపిగ్గా నొక్కి తీశాడు. కారు కిందికి దూరి ఒకసారి చూసి, “గాలొచ్చే పక్క అంచు బయటికి కనపడకూడదు బాబూ, లోనకి దోపెయ్యాలి” అన్నాడు. వర్క్‌షాప్ వాళ్ళకి తట్టనిది ఆయనకి ఒక్క చూపులో తట్టింది. ఇప్పుడు ఫైబర్ ప్లేటు ముందు అంచు గాలికి ఎదురుపడకుండా లోపలికి దాగి ఉంటుంది. బోల్టులకి నైలాన్ వాషర్లు వేశాం. సైలెన్సర్ వేడికి రెజిన్ మెత్తబడకుండా అటువైపు చాలా ఖాళీ వదిలి, రేకు కవచం పెట్టాం. అప్పటి నుంచి చప్పుడు లేదు.

డిఫ్యూజర్ మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. 1978లో మారియో ఆండ్రెట్టీ ఫార్ములా వన్ ఛాంపియన్ అయిన రేసు కారు లోటస్ 79కి పక్కల నేలని తాకే స్కర్టులు ఉండేవి, అందుకే కింద అంత పీల్పు వచ్చేది. మన స్పీడ్ బ్రేకర్లు దాటే ఎత్తులో ఉన్న కారుకి అది రాదు.

ముల్లు గురించి పైన చెప్పింది కూడా కారు కదులుతున్నంతసేపే. గాజువాక ట్రాఫిక్‌లో, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఇరుక్కుంటే ట్రే లోపల వేడి అలాగే నిలిచిపోతుంది, ఫ్యాన్ ఇదివరకటి కంటే ఎక్కువసేపు తిరుగుతుంది. ఆయిల్ మార్చాలంటే ప్రతిసారీ ట్రే విప్పాలి, మెకానిక్ విసుక్కుంటాడు.

మా ఇల్లు లాసన్స్ బే వైపు, సముద్రానికి దగ్గర. కారు ఎక్కువగా ఆదివారం పొద్దున్నే హైవే మీదకే తీస్తాను. అందుకే నా వరకు ముందు ట్రే పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది. రోజూ ఊళ్ళోనే తిరిగే కారైతే ముందు రేడియేటర్, ఫ్యాన్ బాగు చేయించుకున్నాకే దీని గురించి ఆలోచించండి. వెనక ప్లేటు కావాలంటే మాత్రం, సముద్రం పక్కన ఉండేవాళ్ళు అల్యూమినియం జోలికి పోకుండా ఫైబర్‌లోనే చేయించుకోండి.