గొర్రెలకీ గుంపే, ఎద్దులకీ గుంపే: ఒక గోడ చార్టు సంగతి

మా బడి కోసం కొన్న 'పెంపుడు జంతువులు, సమూహ నామాలు' అనే గోడ చార్టుకి ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను. ఆ మూడూ లామినేషన్‌కీ, ఇంగ్లీషు మాటలకీ. తెలుగు మాటలకి అర స్టారు ఇవ్వడానికి కూడా చేతులు రాలేదు.

ముందు బాగున్నవి చెబుతాను. ధర 150 రూపాయలు, ఆ ధరకి సరుకు గట్టిదే. పైనా కిందా ప్లాస్టిక్ బద్దలున్నాయి, మేకుకి తగిలిస్తే వంకర పోకుండా నిలుస్తుంది. ఒకటో తరగతి పిల్లలు గోళ్ళతో గీకినా రంగు లేవలేదు. చాక్‌పీస్ పొడి పడితే తడిగుడ్డతో తుడిస్తే సరి. అక్షరాలు చివరి వరుసలో కూర్చున్నవాళ్ళకీ కనిపిస్తాయి. ఇంగ్లీషులో కలెక్టివ్ నౌన్స్ చెప్పేటప్పుడు హెర్డ్, ఫ్లాక్, బ్రూడ్, లిట్టర్ అన్నీ ఒకచోట దొరకడం నాకు పెద్ద సాయమే.

తెలుగు దగ్గరికి వచ్చేసరికే కథ అడ్డం తిరిగింది. ఆవుల గుంపు, గొర్రెల గుంపు, మేకల గుంపు, ఎద్దుల గుంపు, పందుల గుంపు. మొత్తం అన్నిటినీ గుంపులో గోవిందా చేసేశారు. మాది కనిగిరి వైపు ఊరు. మా బడిలో సగం మంది పిల్లలు జీవాలున్న ఇళ్ళ నుంచి వస్తారు. 'గొర్రెల గుంపు' అని పలికిస్తుంటే వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. గొర్రెలన్నాక మంద అంటారని పలక పట్టకముందే తెలిసినవాళ్ళు.

అన్నిటికంటే ఘోరం ఎద్దుల బొమ్మ. పైన 'ఎ యోక్ ఆఫ్ ఆక్సెన్' అని ఉంది. కింద ఆరు ఎద్దులు తీరిగ్గా గడ్డి మేస్తున్నాయి, మూపురాలు కూడా లేవు. యోక్ అంటే కాడి. కాడికి కట్టేది రెండింటినే. మెడ మీద కాడే లేని ఆరింటిని యోక్ అనడం ఇంగ్లీషులో కూడా చెల్లదు. ఇది ఒంగోలు గిత్తలు పుట్టిన ప్రాంతం అండీ. తిరునాళ్ళలో బండలాగుడు పందేలకి మా పిల్లలు నాన్నల భుజాలెక్కి వెళ్తారు. ఎద్దుల వయసుని పళ్ళతో లెక్కేసి రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం అని మైకులో చెబుతూ, ఫలానా ఊరి జత రావాలి అని పిలుస్తుంటారు. నాలుగో తరగతి పిల్లాడొకడు ఆ బొమ్మని వేలితో లెక్కపెట్టి, "ఇయ్యి మూడు జతలు టీచర్" అన్నాడు. అచ్చువేసినవాళ్ళకి తట్టనిది వాడికి క్షణంలో తట్టింది.

గొర్రె బొమ్మ ఇంకో తమాషా. ఒళ్ళంతా తెల్లటి ఉన్ని, నల్ల మొహం, పొట్టి కాళ్ళు. మా వైపు ఉండేది నెల్లూరు జాతి. మన దేశంలో ఎత్తైన గొర్రె అదే. ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. జోడిపి రకమైతే తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ, మూతి దగ్గర నల్లమచ్చలు. చార్టులో బొమ్మని చూపించి ఇదేంటి అంటే ఒకటో తరగతి పాప "కుక్క" అంది. కాదని నేనెలా గద్దిస్తాను?

లిట్టర్ దగ్గర కూడా అంతే. ఒకే కాన్పులో పుట్టిన పిల్లలన్నీ కలిపి లిట్టర్. మనవాళ్ళు ఒక ఈత పిల్లలు అంటారు. బొమ్మలో మాత్రం నాలుగు పెద్ద పందులు, కింద 'పందుల గుంపు'. బ్రూడ్ అంటే ఒకేసారి పొదిగిన పిల్లలు. ఆ గడిలో కోడిపెట్టలే ఉన్నాయి, ఒక్క పిల్ల కూడా లేదు. బొమ్మ గీసినవాళ్ళూ, ఇంగ్లీషు రాసినవాళ్ళూ, తెలుగు రాసినవాళ్ళూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకున్నట్టు లేదు.

గ్యాగిల్ (పెద్దబాతుల గుంపు), రాఫ్ట్ (నీటి మీద తేలే బాతుల గుంపు) లాంటివి ఎందుకు పెట్టారో మరి. ఇలాంటి వింత పేర్ల జాబితా ఒకటి 1486లో ఇంగ్లండ్‌లో అచ్చయిన వేట పుస్తకంలో ఉంది. దొరబాబులు వేటకెళ్ళినప్పుడు గొప్పగా వాడుకునే మాటలు అవి. మూడో తరగతికి వాటితో పని లేదు. పైగా రెండు గడుల్లోనూ కింద 'బాతుల గుంపు' అనే ఉంది. రెండుసార్లు ఎందుకు రాశారని పిల్లలు అడిగితే నేనేం చెప్పాలి?

బడికి వచ్చిన ఒక పిల్లాడి తండ్రి ఈ చార్టు చూసి చాలాసేపు నిలబడ్డాడు. "గొర్రెలూ మేకలూ కలిసుంటే ఏం రాశారు టీచరమ్మా?" అని అడిగాడు. ఏమీ రాయలేదన్నాను. "జీవాలని రాయొచ్చు గదా" అన్నాడు. నిజమే. గొర్రెల కాపరుల్ని ఎవరైనా అడిగేది "జీవాలెన్ని?" అనే. కోతలయ్యాక రైతులు వచ్చి మా చేలో మంద కట్టండి అంటారు. రాత్రుళ్ళు జీవాల్ని చేలోనే ఉంచుతారు. పెంటికలూ మూత్రమూ నేలకి ఎరువు. మర్నాటికి పక్క చెక్కలోకి జరుపుతారు. దానికి గింజలో డబ్బులో ముట్టజెబుతారు. ఈ ఒక్క విషయం బొమ్మ వేసి పెట్టుంటే సైన్సు పాఠానికి కూడా పనికొచ్చేది.

చార్టు తీసి పారెయ్యలేదు, 150 రూపాయలు ఊరికే రావు. తెలుగు మాటల మీద తెల్లకాగితం చీలికలు అంటించి, పిల్లల చేతే స్కెచ్ పెన్నుతో రాయించాను. ఆవులకీ గొర్రెలకీ మంద, పందిపిల్లలకి ఈత. ఎద్దుల దగ్గర మూడు జతలు అని వాడే రాశాడు, ఉండనిచ్చాను. బాతుల గడులు రెండూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

పట్నం బడుల్లో ఇంగ్లీషు మాత్రమే చెప్పుకునేవాళ్ళు కొనుక్కోవచ్చు, నష్టం లేదు. తెలుగు మీడియం వాళ్ళు మాత్రం పక్కన కాగితం, జిగురు పెట్టుకుని కొనండి. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే మళ్ళీ అచ్చువేసేటప్పుడు మారుస్తామన్నారు. ఏ గడిలో ఏం మార్చాలో ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులైతే పడ్డాయి.